నీలిదీపం వెలుగుతూనే ఉంది

ఏడో మలుపు తిరిగేసరికి చెట్లు రెండువైపుల నుంచీ వంగి రోడ్డుని కప్పేస్తాయి. పైన ఆకాశమన్నదే కనపడదు. తెల్లవారుజామున నాలుగున్నరకి అక్కడ గోనెసంచిలో తల దూర్చినట్టే ఉంటుంది. ఆరేళ్లుగా డ్రైవరమ్మ అక్కడ చేసే పని ఒక్కటే. స్టీరింగు పక్కనున్న లైట్ల కాడని వేళ్లతో ముందుకు తోస్తుంది. బానెట్టు కింద ఎక్కడో టక్కుమంటుంది. దూరపు లైట్లు రెండూ వెలిగి, చెట్ల మొదళ్లకి కొట్టిన తెల్లగీతలు లోయ అంచు దాకా బడిపిల్లల్లా వరసగా నిలబడతాయి.

ఆ బుధవారం కాడ తోసింది. టక్కుమంది. డాష్‌బోర్డు మీద చిన్న నీలిదీపం వెలిగింది. రోడ్డు మాత్రం వెలగలేదు.

బండి ముక్కు ముందు దగ్గరి లైట్లు పరిచిన పసుపు చాప ఒకటుంది, అంతే. దాని అవతల ఏమీ లేదు. రోడ్డు కుడికి తిరుగుతుందని ఆమెకి తెలుసు గాని, తెలిసిన రోడ్డుకీ కనపడే రోడ్డుకీ ఎంత తేడానో కాలు బ్రేకు వెతుక్కున్నప్పుడు గాని తెలియలేదు. కాడ వెనక్కి లాగి మళ్లీ తోసింది. టక్కు. నీలిదీపం. అదే చీకటి.

వెనక ఐదుగురు ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతున్నారు. కొండ మీది ఆసుపత్రి వంటశాలలో పని వాళ్లది. ఐదింటికల్లా పొయ్యి దగ్గర ఉండాలి. ఆరో ఆవిడ డ్రైవరమ్మ వదిన, పెద్దన్న భార్య. ముందు సీటు ఆవిడ సొంతం. ఆవిడకి నిద్ర పట్టదు, నోరు ఊరుకోదు.

"ఏంటి మరదలా, నడుస్తున్నట్టు పోనిస్తున్నావు? దిగి తొయ్యమంటావా?"

"దూరపు లైట్లు రావట్లేదు వదినా."

వదిన ముందుకు వంగి డాష్‌బోర్డు చూసింది. "నీలిదీపం వెలుగుతోందిగా. ఇంకేం కావాలి? చెట్టుకో ట్యూబులైటు కట్టించమంటావా?"

డ్రైవరమ్మ గేరు తగ్గించింది. మిగతా మలుపులన్నీ రెండో గేరులో, ఒళ్లంతా కళ్లు చేసుకుని ఎక్కించింది. ఆసుపత్రి గేటు దగ్గర బండి ఆపి, అలవాటు ప్రకారం తాళం తీసేసింది. అందరూ దిగి వెళ్లాక మళ్లీ స్టార్టు చేసి, ఎదురుగా ఉన్న గోడ మీదికి కాడ తోసింది. గోడ పై అంచు దాకా తెల్లగా వెలిగిపోయింది. నంగనాచిలా నాలుగు దీపాలూ వెలుగుతున్నాయి.

* * *

బాబాయి షెడ్డుకి బోర్డు లేదు. బండ్ల లైట్లూ వైర్లూ చూసే ఆ పెద్దాయన్ని ఊళ్లో డ్రైవర్లంతా బాబాయి అంటారు. డ్రైవరమ్మ వాళ్ల నాన్నకి దోస్తు కావడంతో ఆమెకి మాత్రం నిజంగానే బాబాయి. ఆమె చేత మొదటిసారి స్టీరింగు పట్టించింది ఆయనే.

మిట్టమధ్యాహ్నం ఎండలో బండి షెడ్డు ముందు ఆగీ ఆగకముందే లోపల్నుంచి మాట వచ్చింది.

"గేరు మీద అంత కోపమెందుకే అమ్మాయ్? ఏమైంది?"

"దూరపు లైట్లు బాబాయ్. పొద్దున ఏడో మలుపులో ప్రాణం పోయినంత పనయింది."

"ఒకటా, రెండూనా?"

"రెండూ."

"రెండు బల్బులు ఒకేసారి చావవు, ముందుగా కూడబలుక్కుంటే తప్ప." బాబాయి బల్ల అంచు మీద వేళ్లు జారుస్తూ వచ్చి, వరసలో ఐదో స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. ఆయన బల్ల మీద ఏ పనిముట్టు చోటు దానిదే. ఎవడైనా ఒక స్పానరు పక్కకి జరిపితే ఆ రోజంతా వాడి ఏడు తరాలకీ తిట్లే.

ఫ్యూజు పీకి మీటరు తీగలు రెండు కొసలకీ ఆనించాడు. మీటరు బీప్‌మంది. "బతికే ఉంది." బల్బులు తీసి వాటికీ ఆనించాడు. బీప్. బీప్. "వీళ్లూ క్షేమం." బాడీకి బిగించిన ఎర్తు తీగని లాగి చూసి, మరను విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ బిగించాడు. తర్వాత బానెట్టు మూలనున్న డబ్బాలో నల్లటి చిన్న పెట్టెని వేలితో తట్టాడు.

"ఇది రిలే. తలుపు దగ్గర నౌకరు లాంటిది. నువ్వు కాడ తోస్తే వీడు టక్కున తలుపు తీస్తాడు, బ్యాటరీ కరెంటు లైట్లకి పోతుంది. పక్కన వీడి తమ్ముడు, హారన్‌ది. ఇద్దరిదీ ఒకటే అచ్చు. ఎక్కు, కాడ తొయ్యి."

ఆమె ఎక్కి తోసింది. బాబాయి బండి ముందు నిలబడి తల ఒక పక్కకి వంచాడు. ఆయన చెవి గురించి డ్రైవర్లు కథలు చెప్పుకుంటారు.

టక్కు.

"ఆఁ. వెలిగింది."

ఇంకోసారి తోసింది.

"ఆఁ. వెలిగింది. నీ దగ్గర నీలిదీపం?"

"వెలిగింది."

"మరింకేం?"

ఎండ బానెట్టు మీద పడి కళ్లలో పొడుస్తోంది. లోపల్నుంచి ఆమెకేమీ తెలియదు. ఒక్క అడుగు దిగి ముందుకొచ్చి చూస్తే సరిపోయేది. దిగలేదు. దిగి చూస్తే వెలుగుతూ ఉంటే? పొద్దున కూడా ఇలాగే వెలుగుతూ ఉండి ఉంటే?

"బాబాయ్," అంది సీట్లోంచే. "మా అమ్మకి రేచీకటి ఏ వయసులో వచ్చింది?"

బాబాయి చేతులు తుడుచుకుంటున్న గుడ్డ ఆగిపోయింది.

"నిద్ర సరిగా పోతున్నావా?" అన్నాడు చివరికి, ఆమె అడిగింది వినపడనట్టు. "పో. బండిలో లోపం లేదు."

* * *

ఆ మాటే సాయంత్రానికి బండి ఓనరు నోట్లోంచి ఫోనులో వచ్చింది.

"బాబాయి చెవి పెట్టి విన్నాడంటే తిరుగు లేదు. బండి బాగుంది. మరి బాగాలేనిది ఎవరో నువ్వే చెప్పమ్మా."

"అయ్యా, నిజంగానే రాలేదండి. ఒకసారి వస్తోంది, ఒకసారి రావట్లేదు."

"లైట్లకి మూడ్ ఉంటుందా? బండిలో ఆరుగురు ఉంటారు. ఏదన్నా అయితే నన్నడుగుతారు. కొండ మీద ఆసుపత్రిలోనే శనివారం కళ్ల డాక్టరు దగ్గర నీకు చీటీ రాయించాను. కళ్లు బాగున్నాయని కాగితం తెస్తే సోమవారం తాళం నీ దగ్గరే ఉంటుంది. తేకపోతే మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు."

"మీ బావమరిది కిందటేడు ఆసుపత్రి గేటు గుద్దాడండి."

"గుద్దాడు. కానీ గేటు కనపడే గుద్దాడు."

ఫోను పెట్టేశాక ఆమె కిటికీ దగ్గర నిలబడి ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు లెక్కపెట్టింది. తొమ్మిది. చీకటి పడుతుంటే మళ్లీ లెక్కపెట్టింది. ఏడు. వాళ్లు రెండు తీసేశారో, తనకే రెండు తగ్గాయో తెలియలేదు.

అన్నాలయ్యాక భర్త బయట చెప్పులు సర్దుకుని లోపలికి వచ్చేసరికి వంటింట్లో దీపం లేదు. ఆమె బల్ల అంచు పట్టుకుని వేళ్లు జారుస్తూ నడుస్తోంది. గ్లాసు అంచున చూపుడువేలు లోపలికి వంచి కుండలోంచి నీళ్లు పోసుకుంది. నీళ్లు వేలికి తగలగానే ఆపింది.

"కరెంటు పోయిందా?" అన్నాడు.

"లేదు."

"మరి?"

"నేర్చుకుంటున్నా."

ఏం నేర్చుకుంటోందని అతను అడగలేదు. దీపమూ వెయ్యలేదు. కాసేపు గుమ్మంలో నిలబడి, తర్వాత తడుముకుంటూ వచ్చి, కుర్చీ ఒకటి నేల మీద ఈడ్చి చప్పుడు చేశాడు. "కుర్చీ ఇక్కడుంది," అన్నాడు. "కూర్చో."

* * *

గురువారం నమ్మకం లేక కింద నుంచే దూరపు లైట్లు వేసుకుంది. మొదటి ఆరు మలుపులూ బుద్ధిగా వెలిగాయి. ఏడో మలుపులో ఆరిపోయాయి. ఆరిపోయాయని ఆమె అనుకుంది, అంతే. నీలిదీపం వెలుగుతూనే ఉంది. ఆమె ఈసారి ఏమీ అనలేదు. అయినా వదినకి స్టీరింగు మీద తెల్లబడ్డ వేళ్ల కణుపులు కనపడ్డాయి.

"నిన్న మీ అన్నతో అన్నాను," అంది వదిన మెల్లగా. ఎప్పుడూ గలగలమనే మనిషి గొంతు తగ్గించేసరికి డ్రైవరమ్మ ఒక్క క్షణం అటు తిరిగింది. "అత్తయ్యకీ ఇలాగే మొదలైంది. దీపం వెలిగించాక కూడా అగ్గిపెట్టె కోసం వెతికేది. వెలిగింది కదత్తయ్యా అంటే, ఏదీ అనేది."

"నాకు తెలుసు వదినా."

"తెలుసనే చెబుతున్నా. వెనక నలుగురికి చిన్నపిల్లలున్నారు."

"తెలుసన్నానుగా."

ఆసుపత్రి దగ్గర దిగేటప్పుడు వదిన తలుపు వెయ్యబోయి ఆగి, డ్రైవరమ్మ భుజం మీద చెయ్యి వేసి, ఏమీ అనకుండానే వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది డ్రైవరమ్మకి.

* * *

శుక్రవారం ఏడో మలుపులో పసుపు చాప మీదికి ఉన్నట్టుండి ఒక చక్రం వచ్చింది.

ఆమె బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. వెనక అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. వదిన ఒళ్లో ఉన్న టిఫిను గిన్నె ఎగిరి అద్దానికి కొట్టుకుంది. బండి ముక్కుకి మూరెడు దూరంలో తోపుడుబండి ఒకటి, దాని నిండా క్యాబేజీలు. దాన్ని తోస్తున్న మనిషి రెండు చేతులూ పైకెత్తి, లెక్క తప్పి శిక్ష పడ్డ పిల్లాడిలా బిగుసుకుపోయి ఉన్నాడు.

బండిలో ఒకావిడ ఏడుపు మొదలుపెట్టింది. డ్రైవరమ్మ చెయ్యి తాళం మీదికి వెళ్లింది. రోజూ చేసే పనే: ఆపు, తాళం తియ్యి, దిగు. తాళం తిప్పబోయి ఆగింది. రోజూ తాళం తీసి మళ్లీ పెడితేనే గదా వెలుగుతున్నాయి. తియ్యకుండా దిగితే, ఏం ఉందో అదే కనపడుతుంది. కాడ ముందుకే ఉంది. నీలిదీపం వెలుగుతోంది. ఇంజను నడుస్తోంది.

హ్యాండుబ్రేకు లాగి దిగింది. తలుపు పక్కనే కళ్లు మూసుకుంది. బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, దాని అంచు పట్టుకుని ముందు దాకా నడిచింది.

"వదినా, దిగి రా. నువ్వు చూసి చెప్పు. నేను చూడను."

"ఏం చూడాలే?" అంది వదిన, ఇంకా సీట్లోంచే.

"ముందు దీపాలు ఎన్ని వెలుగుతున్నాయో."

వదిన చెప్పులు రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చాయి. ఆగాయి. ఇంజను గుర్రుమంటోంది. చెట్ల మీంచి మంచు చుక్కలు రేకు మీద పడుతున్నాయి. ఇంత జాగు ఎందుకో డ్రైవరమ్మకి తెలియలేదు. నాలుగు లెక్కపెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

"రెండు," అంది వదిన.

"సరిగ్గా చూడు."

"రెండు దాకా లెక్క నాకు వచ్చు మరదలా. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. మధ్యవి రెండూ చచ్చిన చేప కళ్లలా ఉన్నాయి."

డ్రైవరమ్మ కళ్లు తెరిచింది. రెండే. మధ్యలో రెండు గాజుబిళ్లలు నల్లగా, చల్లగా. ఆమె అక్కడే రోడ్డు మీద చతికిలబడి, మోకాళ్ల మధ్య తలపెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వదినకి అర్థం కాలేదు. వంగి ఆమె తల నిమిరింది. "నా నోరు పడిపోను," అంది. "అత్తయ్య మాటెందుకెత్తానో."

"మీ లెక్కలు అయిపోతే," అన్నాడు క్యాబేజీల మనిషి, చేతులు దించుకుంటూ, "కొంచెం దారిస్తారా అమ్మా. నా కాళ్లు ఉన్నాయో లేదో కూడా చూసి చెప్పండి."

* * *

ఆడవాళ్లని దించి, తాళం తియ్యకుండా, ఇంజను ఆపకుండా బండిని నేరుగా బాబాయి షెడ్డుకి తెచ్చింది. దారిలో భయం పోయి కోపం వచ్చింది. కోపం పోయి అనుమానం వచ్చింది. ఒకసారి వచ్చి ఒకసారి పోయే రోగమే కావచ్చు, బాబాయి చూసిన ఆ మధ్యాహ్నం లైట్లు వచ్చే ఉండవచ్చు. ఉండకపోనూ వచ్చు.

షెడ్డు అప్పుడే తెరిచాడు. లోపల ఇంకా మసక. బండిని ముక్కు గోడకి పెట్టి ఆపింది. లైట్లు ఎంత ఎత్తులో పడాలో చూడటానికి ఆ గోడ మీద సుద్దముక్కతో గీసిన గీత ఉంటుంది. గీత కింద రెండు పసుపు మడుగులు. గీత పైన చీకటి.

"ఇంజను ఆపలేదేం?" అంటూ బాబాయి వచ్చాడు. బల్ల అంచు మీద వేళ్లు జారుస్తూ వచ్చాడు. టీ గ్లాసు చేతిలో ఉంది, చూపుడువేలు అంచు మీంచి లోపలికి వంగి ఉంది.

డ్రైవరమ్మ ఆ వేలు చూసింది. ఆ వేలు తనది. ఆ బల్ల అంచు తన వంటింటిది.

"ఆపితే బాగైపోతోంది బాబాయ్," అంది, గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంటూ. "ముందు నిలబడు. తోస్తున్నా."

బాబాయి గోడకీ బండికీ మధ్య నిలబడి తల పక్కకి వంచాడు. టక్కు. ఆయన వెనక గీత పైన గోడ నల్లగానే ఉంది.

"ఆఁ. వెలిగింది."

ఆయన మొహం సూటిగా దీపాల వైపు ఉంది. రెప్ప ముడవలేదు. నిజంగా వెలిగి అంత దగ్గర నుంచి మొహాన కొడితే ఎవరైనా చెయ్యి అడ్డం పెట్టుకుంటారు, కనీసం కళ్లు చికిలిస్తారు. ఆయన కిటికీలోంచి వాన చూస్తున్నట్టు నిలబడ్డాడు. మూడు రోజులుగా ఆమె గుండెల్లో కూర్చున్న భయం అప్పుడు లేచి, ఆమెని వదిలి, నడుచుకుంటూ వెళ్లి ఆయన పక్కన నిలబడింది.

ఆమె మెల్లగా దిగి బానెట్టు ఎత్తింది. దీపాల రిలే పీకింది, దాని తమ్ముడు హారన్ రిలే పీకింది, తమ్ముణ్ణి అన్న చోట గుచ్చింది. సగం గుచ్చుతుండగానే టక్కుమంది. గోడంతా తెల్లగా పేలిపోయింది. రేకుల దాకా వెలుగు. ఆ వెలుగులో బాబాయి నీడ నిలువెత్తున గోడ మీద పడింది. బాబాయి తల తిప్పలేదు.

"మళ్లీ ఎందుకు తోశావు?" అన్నాడు. "వెలిగిందన్నానుగా."

ఆమె వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. చేతిలోని టీ గ్లాసు తీసి బల్ల మీద, దాని చోట్లోనే పెట్టింది. ఆ చెయ్యిని మధ్య దీపం ముందు ఆనీ ఆనకుండా పెట్టింది. వేడి అరచేతిలోకి పాకింది.

"ఇప్పుడు వెలిగింది బాబాయ్," అంది. "ఇందాక వెలగలేదు."

చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"ఇప్పుడే. నీకు?"

"రెండేళ్లు." చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "పొగ పట్టిన గాజులోంచి చూసినట్టుంటుంది. రెండు వెలిగినా నాలుగు వెలిగినా ఒకటే తెల్లముద్ద. నలభై ఏళ్లుగా టక్కుమంటే వెలిగిందే అమ్మాయ్. టక్కుమని వెలగకపోవడం నేను చూడలేదు." వేడెక్కిన అరచెయ్యి చొక్కాకి రాసుకున్నాడు. "మీ అమ్మ సంగతి అడిగావు చూడు, ఆ రాత్రి నిద్రపోలేదు. నాకు కనపడలేదని చెప్పి ఉంటే ఒక్క మాటతో పోయేది. భయపడ్డాను. నా భయం తీసుకెళ్లి నీ నెత్తిన పెట్టాను."

ఆమె దగ్గర నుంచి పాత రిలే అడిగి తీసుకున్నాడు. గోటితో మూత ఊడదీసి, లోపలి రేకుని చిటికెనవేలి కొసతో తడిమాడు. మొహం మారింది. పని దొరికిన మొహం.

"మాడిపోయింది. గుంట పడింది. వేడెక్కితే అంటుకోదు, ఆపి మళ్లీ పెడితే అదాటున అంటుకుంటుంది. నౌకరు తలుపు తీస్తూనే ఉన్నాడే, గడప కాలిపోయింది." మూడో డబ్బాలో చెయ్యి పెట్టి, వెతక్కుండా కొత్తది తీసిచ్చాడు. "ఇది హారన్‌కి పెట్టు. లేకపోతే మలుపుల్లో నువ్వే అరుచుకుంటూ పోవాలి."

ఆమె పెట్టింది. తర్వాత అంది, "ఓనరుకి నేను చెబుతాలే బాబాయ్. రిలే ఇవాళే పోయిందంటాను."

"వద్దు. ఫోను కలిపివ్వు."

ఇచ్చింది. ఆయన నిటారుగా నిలబడి మాట్లాడాడు. "లోపం బండిలోనే ఉందండి. అమ్మాయి చెప్పింది నిజం. నేను తప్పు చెప్పాను. ఎందుకంటే, నాకు కనపడలేదు. కాదండీ, చూడకపోవడం కాదు. కళ్లు కనపడవు. అవును. రెండేళ్లయింది." అవతలి నుంచి చాలా మాటలు వచ్చాయి. ఆయన అన్నిటికీ ఊఁ కొట్టాడు.

"ఏమన్నారు?"

"ఆయన బండ్లు ఇక వేరే షెడ్డుకి పోతాయట." ఫోను ఆమె చేతికిచ్చాడు. "నీ తాళం నీ దగ్గరే."

ఆమె జేబులోంచి మడతపెట్టిన చీటీ తీసింది. "రేపటి కళ్ల డాక్టరు చీటీ నా దగ్గరే ఉంది బాబాయ్. రెండు దీపాలు లెక్కపెట్టినంత మాత్రాన మా అమ్మ కూతుర్ని కాకుండా పోను గదా. చూపించుకోవాలి. ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది. తోడు రా."

బాబాయి బల్ల మీద టీ గ్లాసు కోసం చెయ్యి చాచాడు. దాని చోట్లోనే ఉంది. "ఎవరికి ఎవరు తోడు?" అన్నాడు.

"అది లోపలికెళ్లాక తేల్చుకుందాం."

* * *

శనివారం వదిన ముందు సీటు దిగి వెనక్కి వెళ్లింది, ఊరికే వెళ్లలేదు. "ఆరేళ్లుగా నాది ఆ సీటు. నా ఒంటి ఆకారానికి గుంట కూడా పడింది. కాస్త సర్దుకుని కూర్చోండి బాబాయిగారూ." వెనక నవ్వులు వినపడ్డాయి. బాబాయి నవ్వలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, బడికి మొదటిసారి తీసుకెళ్తున్న పిల్లాడిలా కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఒక గుండీ ఒక కాజా పైకి పెట్టుకున్నాడు. డ్రైవరమ్మ చూసింది. దిగేటప్పుడు సర్దవచ్చు.

ఒకటో మలుపు, రెండో మలుపు. ఆయన చెవి ఇంజను మీదే ఉంది. ఆరో మలుపు దాటాక వెనక మాటలు వాటంతటవే ఆగిపోయాయి. చెట్లు వంగాయి. ఆమె అరచేతులు తడిశాయి. రిలే మారిందని తెలుసు. అయినా తడిశాయి.

కాడ తోసింది. టక్కు.

బాబాయి నోరు తెరిచాడు. ఏదో అలవాటైన మాట పెదవుల దాకా వచ్చి ఆగినట్టుంది.

"వెలిగిందా అమ్మాయ్?" అన్నాడు.

ఆమె నీలిదీపం వైపు చూడలేదు. రోడ్డు చూసింది.

"వెలిగింది బాబాయ్. తెల్లగీతలు కనపడుతున్నాయి. పదకొండు దాకా లెక్కపెట్టగలను. అవతల రోడ్డు కుడికి తిరుగుతోంది. అంచున రాళ్లున్నాయి, తడిగా ఉన్నాయి. ఒక రాయి పక్కకి ఒరిగింది."

"ఊఁ. ఇంకా?"

"చెట్టు మీంచి నీళ్లు కారుతున్నాయి. రోడ్డు మధ్యలో ఆకులు. ఆకుల మీద పోనిస్తున్నా, చప్పుడు వినపడిందా?"

"వినపడింది." ఆయన చేతులు మోకాళ్ల మీంచి కొంచెం సడలాయి.

ఆమె చెబుతూనే ఉంది. మలుపు తర్వాత మలుపు, గీత తర్వాత గీత. వెనక ఎవరూ నిద్రపోలేదు. పదో మలుపులో ఆమె కాడ వెనక్కి లాగింది. టక్కు. బాబాయి తల చటుక్కున పక్కకి వంగింది.

"తగ్గించావేం? మళ్లీ పోయిందా?"

"లేదు. ఎదురుగా క్యాబేజీల ఆయన వస్తున్నాడు. కళ్లలో కొడుతుందని."

తోపుడుబండి చక్రం కిచకిచలాడుతూ పక్కనుంచి పోయింది. బాబాయి ఆ చప్పుడు దూరమయ్యేదాకా విన్నాడు.

"పోయాడు," అన్నాడు. "ఇక వేసుకో."